ఇస్సాకు మూల

సమాధుల తోటకు గోడ మొదలుపెట్టి అప్పటికి నాలుగైదు రోజులయింది గానీ, ఆ గోడ ఎటు పోతున్నదో మగ్దలీనమ్మ గమనించనే లేదు. తప్పు ఆమెది కాదు. నెత్తి మీద రాయి ఉన్న మనిషి తన కాళ్ల ముందున్న నేలను తప్ప ఇంకేమీ చూడదు. చూస్తే పడుతుంది.

మార్కాపురం పలక గనుల దగ్గర పనికిరావని పారేసిన రాతిచెక్కలను బండ్ల మీద తోలించి పల్లె మొదట్లో పోయించారు. అక్కడి నుంచి తోట దాకా మోయడం ఆడవాళ్ల వంతు. పలకరాయి మోయడమంటే కంకర మోసినట్టు కాదు. అంచులు కత్తుల్లా ఉంటాయి. నెత్తి మీది చుట్టకుదురు కొంచెం పక్కకు జరిగితే చెవి తెగుతుంది. అందుకని మగ్దలీనమ్మ మెడ నిలబెట్టి, అంచుల కింద పాత గుడ్డ పెట్టి రెండు చేతులా పట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో నేలను తడుముకుంటూ నడిచేది. యాభై దాటిన మనిషి. అయినా ఆమె రాయి దించితే చప్పుడయ్యేది కాదు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించుతుంది చూడండని, గోడ కట్టే ఒడ్డె గురవయ్య మిగతా ఆడవాళ్లను దెప్పుతుండేవాడు.

ఆ గురువారం మధ్యాహ్నం రాయి దించి, కొంగుతో మెడ తుడుచుకుంటూ తల ఎత్తింది. ఉత్తరపు మూల కంటబడింది. నేల మీద పోసిన సున్నపు గీత తిన్నగా వచ్చి వచ్చి, తంగేడు పొద ముందర ఎవరో పిలిచినట్టు చటుక్కున లోపలికి తిరిగింది. కొంతదూరం అట్లా నక్కి, మళ్లీ పడమటి గీతను కలుసుకుంది. గోడ కూడా ఆ గీత మీదనే మోకాలెత్తు లేచింది. తంగేడు పొద గోడకు బయట మిగిలింది. పొద పక్కన, చుట్టూ రాళ్లు పేర్చిన మట్టిదిబ్బ కూడా బయట మిగిలింది. అది ఆమె మొగుడు ఇస్సాకు సమాధి.

చాలాసేపు చూసింది. తన కళ్లే మోసం చేస్తున్నాయేమోనని గోడ పక్కనే నడిచి, మూల దాకా పోయి వచ్చింది.

"గురవన్నా, ఇదేంది?"

"నన్నడగబాకమ్మే," అన్నాడు గురవయ్య, తాపీ ఆపకుండానే. "నేను చెప్పినా. మూలంటే మూల మాదిరుండాల, ఇదేంది ఎద్దు తొక్కిన తట్ట మాదిరి అంటి. మీ పెద్దయ్య వినలా. తాడు ఆయనే లాగినాడు, సున్నం ఆయనే పోసినాడు. నా చేత్తో ఇంత ఒంకర గోడ ఎన్నడూ కట్టలా. చూసినోళ్లు గురవయ్యకు కళ్లు పోయినాయనుకుంటారు."

పెద్దయ్య అంటే సంఘపెద్ద యోసేపు. వరసకు ఇస్సాకు తమ్ముడు. మాదిగపల్లెలో చొక్కాకు గుండీలన్నీ పెట్టుకునే మనిషి అతనొక్కడే. చెడ్డవాడనడానికి లేదు. జ్వరమొచ్చినవాళ్లను మార్కాపురం దొరల ఆసుపత్రికి తన బండి మీద తోలుకుపోయేవాడు. కాకపోతే, దేవుడు పొరబాటున ఏదైనా మర్చిపోతాడేమోనని, అన్నీ తానే గుర్తు పెట్టుకునే రకం. సాయంత్రం పని చూసుకోవడానికి వచ్చినప్పుడు మగ్దలీనమ్మ అతనికి ఎదురు పోయింది.

"మీ అన్న గోడ బయటుండాడు యోసేపూ."

యోసేపు గొడుగు ముడిచాడు. "చూసినా వదినా. అది నా ఒక్కడి మాట గాదు, సంఘం తీర్మానం. అన్న శిక్ష కింద ఉండంగానే పోయినాడు. ఒప్పుకోమని ఎన్నిసార్లు అడిగినాం? ఒక్క మాట. తప్పయింది అంటే అయిపోతుండె. అన్న్యాడా?"

"తప్పు చేసుంటే అంటాడు."

"విగ్రహాలకు మొక్కేవాళ్ల శవం ముందర డప్పు కొట్టడం తప్పు గాదా?"

"శవమని చెప్పబాక. ఎంకటసుబ్బులమ్మ అని చెప్పు. కరువునాడు ఆమె పోసిన గంజి నువ్వూ తాగినావు."

అది నిజమే. వానలు లేని ఏడాది రైతు పుల్లయ్య తల్లి వెంకటసుబ్బులమ్మ రోజూ ఊరి మొగదల గంజి కాగు పెట్టించి, పల్లె పిల్లలకు తన చేత్తో పోసింది. ఆమె పోయినప్పుడు పుల్లయ్య ఎవరినీ పంపలేదు, అడగలేదు. ఇస్సాకే డప్పు తగిలించుకుని వెళ్లి, వాళ్ల గడప నుంచి కాటి దాకా కొట్టాడు. దానికి సంఘం శిక్ష వేస్తే, తర్వాత రెండేళ్లు గుడిలో ఆఖరి వరసలో కూర్చున్నాడు. ప్రభు బల్ల రొట్టె పళ్లెం తన ముందుగా పోతుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేవాడు. ఆ చేతులు ఎప్పుడూ ఊరుకున్నవి కావు. ఆ పళ్లెం పోయేంతసేపు మాత్రం కదిలేవి కావు. కిందటి ఏడు వానాకాలం జ్వరంతో పోయాడు.

"మూల తిన్నగా తీస్తే లోపలికొస్తాడు గదా యోసేపూ. ఎన్ని రాళ్లవుతాయి? నేను మోస్తా. నాకు కూలొద్దు."

"రాళ్ల సంగతి గాదు వదినా," అని యోసేపు గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

ఎండ పోయినా గొడుగెందుకో అతనికే తెలియాలి. మగ్దలీనమ్మ చుట్టకుదురు సర్దుకుని మళ్లీ కుప్ప దగ్గరికి నడిచింది. పొద్దు గూకేదాకా, తన మొగుణ్ని బయటికి నెట్టే గోడకు తనే రాళ్లు అందించింది. అప్పుడు కూడా రాయి మాత్రం చప్పుడు కాకుండానే దించింది.

మరునాడు మంచి శుక్రవారం. పని లేదు. పొద్దుటి ఆరాధన అయ్యాక, జనం పోయేదాకా నిలబడి, పాస్టరు కరుణాకరం ఇంటికి వెళ్లింది. ఆయన కుర్రవాడు. కిందటి క్రిస్మసుకు ముందర ఈ ఊరికొచ్చాడు. నెల్లూరు వైపు మనిషి. పల్లెవాళ్ల మాట సగం అర్థమయ్యేది, మిగతా సగానికి నవ్వేవాడు. మగ్దలీనమ్మ గడప బయట కూర్చోబోతే, లోపలికి పిలిచి పీట వేశాడు.

"ఆదివారం కోడికూత యేళకు అందరం తోటకు పోతాం గదా అయ్యగారూ," అంది ఆమె. "ఎవురి సమాధి దగ్గర వాళ్లు నిలబడి, పోయినోళ్లకు ఇష్టమైన పాట పాడతారు. మీరు ప్రార్థన చేస్తారు. నేను యాడ నిలబడేది? గోడకవతల?"

కరుణాకరం ఇబ్బందిగా చూశాడు. "ఇస్సాకు గారి గురించి నాకు చెప్పారమ్మా. మంచి డప్పు వాద్యకారుడని. కానీ నేను వినలేదు."

వినలేదు! మగ్దలీనమ్మకు ఒక్క క్షణం ఈ మనిషి మీద జాలి కలిగింది. డప్పు వినని మనిషికి డప్పు ఎట్లా చెప్పేది? ఎదురుగా బల్ల చెక్క ఉంది. వేలి మెటికలతో దాని మీద కొట్టి చూపించింది. చెక్క చెక్క లాగే పలికింది. సిగ్గుపడి చెయ్యి తీసేసింది.

"ఇట్ల గాదు. ఒకటి చెప్తా వినండి. మా బాప్తిస్మం నాడు గుండ్లకమ్మ ఏటి ఒడ్డున అప్పటి పెద్దదొర గడ్డిమంట పెట్టించినాడు. నేను కొత్త కోడల్ని. పాతవన్నీ పోవాల, డప్పులు తెచ్చి మంటలో పారేయండి అన్నాడు. మావాళ్లు సరే అన్న్యారు. అందరూ డప్పులు తీసుకొని మంట చుట్టూ నిలబడినారు. పాపం దొరకేం తెలుసు? డప్పు కొట్టేవాడి ముందర గడ్డిమంట పెడితే ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడు?"

"కాచుకుంటాడు." మగ్దలీనమ్మ నవ్వింది. "తోలు సల్లబడితే పలకదు. మంటకు చూపితే బిగుస్తది. పుట్టినప్పట్నించీ అదే అలవాటు. మా ఆయన పారేద్దామనే చెయ్యి చాపినాడు. చెయ్యి తనంతట తానే డప్పును మంటకు తిప్పింది. తిప్పినాక ఏలితో కొట్టి చూడకుండా ఉంటాడా? చూసినాడు. పక్కనోడూ చూసినాడు. దొర గడ్డి ఏయిస్తాండాడు, వీళ్లు కాచుకుంటాండారు. ఎప్పుడు పారేస్తారా అని దొర ఎదురుచూస్తాండాడు!"

కరుణాకరం పగలబడి నవ్వాడు. మంచి శుక్రవారమని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అంతలో మా ఆయన దరువు ఎత్తుకున్నాడు. తక్కినోళ్లు అందుకున్నారు. ఆ ఇసకలో, ఆ నీళ్ల మీద ఆ మోత... నాకు కాళ్లు నిలవలేదయ్యగారూ. దొరసాని కుర్చీలోంచి లేసి నిలబడింది. అయిపోయినాక దొర చాలాసేపు టోపీ చేతిలో పట్టుకొని నిలబడి, మంట ఆర్పేయమన్నాడు. డప్పులు ఒడ్డున పెట్టి నీళ్లలో మునిగినారు, లేసొచ్చి మళ్లా తగిలించుకున్నారు. అప్పట్నించి గుళ్లో డప్పు ఉండె."

"మరి ఎప్పుడు పోయింది?"

"మీ పెద్దలు హార్మోనియం తెచ్చినాక."

కరుణాకరం నవ్వు ఆపుకున్నాడు. యోసేపుతో మాట్లాడతానన్నాడు. మాట్లాడతానన్నవాళ్లు మాట్లాడకపోవడం మగ్దలీనమ్మ ఎరగని సంగతి కాదు. అందుకని పెద్దగా ఆశ పెట్టుకోకుండా ఇంటికి పోయి జొన్నపిండి జల్లించుకుంటూ కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు ఆయనే పల్లెలోకి వచ్చాడు. గుమ్మం ముందు నిలబడి, గోడ తిన్నగా తీస్తారని, ఇస్సాకు లోపలికి వస్తాడని చెప్పాడు. క్షమాపణ మాట కూడా ఎవరూ అడగరట. ఒక్కటే. తోట పవిత్రమైన స్థలం కాబట్టి గోడ లోపల డప్పు కొట్టకూడదు. డప్పుకు మాత్రం యోసేపు ఒప్పుకోలేదు, తాను పట్టుబట్టలేదు.

"అట్లనే అయ్యగారూ, అట్లనే," అంది మగ్దలీనమ్మ. లోపలికి వస్తాడన్న ఒక్క మాటే ఆమె చెవిన పడింది. తక్కినదంతా పిండితో పాటు జల్లెడలోంచి జారిపోయింది.

శనివారం పొద్దున గురవయ్య ఒంకర మూలను పీకడం మొదలుపెట్టాడు. గొణుగుతున్నాడే గానీ లోలోపల సంతోషపడుతున్నాడని తాడు లాగిన తీరులోనే తెలుస్తున్నది. కొత్త గీత తంగేడు పొదకు అవతలగా పోయింది. నూలు గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసి, "ఇదీ మూలంటే," అన్నాడు. మగ్దలీనమ్మ ఆ రోజు పరుగు పరుగున మోసింది. తోటి ఆడవాళ్లు ఒకసారి పోయి వచ్చేలోగా ఆమె రెండుసార్లు వచ్చేది.

యోసేపు తల్లి యేసుమణి, చూపు సరిగా ఆనని ముసలామె, వేపచెట్టు నీడన కూర్చుని రాళ్ల చప్పుడు వింటున్నది. "ఏమే మగ్దలీనా, ఇయ్యాల నీ అడుగు ఇనపడతాండాది. కొత్త పెండ్లికూతురి మాదిరి నడుస్తాండావు," అంది.

"మీ కొడుకు తలుపు తీసినాడత్తా."

"వాడు తీసినాడా? వాడి బిగువు చూసి నేననుకోలా."

పొద్దెక్కాక ఇస్సాకు సొంత తమ్ముడు శాంతయ్య వచ్చాడు. భుజాన అన్న డప్పు, చంకలో ఎండుగడ్డి మోపు. అన్న పోయాక ఆ డప్పు అతని దగ్గరే ఉంది. అన్న సమాధి లోపలికి వచ్చిందని విని, రేపు తెల్లవారుజామున కాచి కొట్టాలని గడ్డి ముందుగానే తెచ్చాడు. దాన్ని ఎక్కడ దాచేదని వదినెను అడిగాడు.

మగ్దలీనమ్మ రాయి దించింది. "లోపల కొట్టొద్దన్నారు శాంతయ్యా."

"కొట్టొద్దంటే?"

"కొట్టొద్దంటే కొట్టొద్దనే."

అన్నకు మాటలు తక్కువైతే శాంతయ్యకు మరీ తక్కువ. మోపును ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుని అట్లాగే నిలబడ్డాడు.

అప్పుడే దోవ మీద గంటల చప్పుడయింది. పుల్లయ్య అరక తోలుకుని పొలం నుంచి వస్తున్నాడు. తంగేడు పొదకు ఎదురుగా వచ్చేసరికి ఎద్దులు వాటంతట అవే నిలబడిపోయాయి. పుల్లయ్య వాటిని అదిలించలేదు. చెప్పులు దోవలోనే విడిచి, దిబ్బ దగ్గరికి నడిచాడు. కొత్తగా లేస్తున్న గోడ అతని మోకాళ్లకు తగిలింది.

"ఇదేంది మగ్దలీనా? ఇస్సాకును లోపలికి తీసుకుంటాండారా?"

ఊళ్లో రైతులకు పల్లెలో ఎవరైనా 'గాడే'. ముసలివాడైనా గాడే. పుల్లయ్య మాత్రం తల్లి పోయిన రోజు నుంచి ఇస్సాకు పేరు చివర ఆ ముక్క వదిలేశాడు. దానికి తోటి రైతులు వెక్కిరించినా మళ్లీ తగిలించలేదు.

"అవునయ్యా," అంది మగ్దలీనమ్మ గర్వంగా. "అందరితో పాటు లోపలే ఉంటాడు."

"మంచిదే," అన్నాడు పుల్లయ్య. కాస్త ఆగి, "మరి నేనెట్లొచ్చేది?" అన్నాడు.

"మీరొస్తారా?"

"రోజూ వస్తా. నేను గాదు, ఎద్దులొస్తాయి. కళ్లంలో ఇన్నేండ్లు ఇస్సాకు దరువుకే తిరిగినవి గదా. ఈడికి రాంగానే నిలబడతాయి. అవి నిలబడినంతసేపు నేనూ నిలబడతా. దోవ పక్క మట్టిదిబ్బ కాడ నిలబడితే ఎవురడుగుతారు? గేటు తీసుకొని మీ తోటలోకి వస్తే మావాళ్లూ ఊరుకోరు, మీ పెద్దయ్యా ఊరుకోడు." అతను గోడ మీద చెయ్యి వేసి, తీసేశాడు. "పోనీలే. మీకు మంచిదే గదా."

మగ్దలీనమ్మ ఎద్దుల వైపు చూసింది. మోరలు ఎత్తి, చెవులు దిబ్బ వైపు పెట్టి నిలబడి ఉన్నాయి. ఆమె వెనక శాంతయ్య మెల్లగా కదిలాడు. మోపు తాడు విప్పి, గడ్డి మొత్తం తీసుకుపోయి ఎద్దుల ముందర వేశాడు. ఇక తనకు దానితో పనేముంది? డప్పును వీపు మీదికి తిప్పుకున్నాడు. తోలు లోపలికీ, కొయ్య బయటికీ ఉండేట్టు తిప్పుకున్నాడు. చావు ఇంటి నుంచి డప్పు వాయించకుండా తిరిగొచ్చేటప్పుడు అట్లా తిప్పుకుంటారు.

అది చూశాక మగ్దలీనమ్మకు నిన్న జల్లెడలోంచి జారిపోయిన మాట అసలు అర్థం ఇప్పుడు తలకెక్కింది.

"రాయందుకోమ్మే," అన్నాడు గురవయ్య. "ఇంకో నాలుగు రాళ్లేస్తే ఈ వరస కలుస్తది."

ఆమె రాయి ఎత్తుకుంది. నెత్తి మీద పెట్టుకుని గోడ దాకా నడిచింది. దించలేదు.

"గురవన్నా, ఆపు. గోడ పాత గీత మీదనే పెట్టు."

గురవయ్య తాపీ కింద పెట్టాడు. "మొన్న ఒంకరగా కట్టమంటే కట్టినా. పొద్దున పీకమంటే పీకినా. సమంగా కట్టమంటే కడతాండా. ఇప్పుడు మళ్లా ఒంకరంటావా? నేను కట్టేది గోడనుకున్నావా, పిల్లోళ్ల బొమ్మరిల్లనుకున్నావా?"

"పీకేది నేను పీకుతాలే," అని ఆమె నెత్తి మీది రాయిని పాత గీత పక్కన దించి, కొత్త వరసలో చివరి రాయిని రెండు చేతులా పట్టి లేపింది. తడి మట్టి చేతులకు అంటింది. ఆ రాయిని కూడా తెచ్చి పాత గీత మీద పెట్టింది.

గురవయ్య అరుపులకు యోసేపు వచ్చాడు, వెనకే కరుణాకరం వచ్చాడు. యోసేపు ముఖం ఎర్రబడింది. "ఏంది వదినా ఇది? సంఘమంతా నీ కోసరం మెత్తబడి లోపలికి తెస్తామంటే ఇప్పుడు వద్దంటావా? ఎగతాళిగా ఉందా?"

"ఎగతాళి గాదు. తెలివి ఆలస్యంగా వచ్చింది." ఆమె చేతుల మట్టి కొంగుకు తుడుచుకుంది. "మీ అన్నకు నోట్లో మాట లేదు యోసేపూ. నాతో కాపురం చేసినన్నేండ్లలో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడలా. ఏం చెప్పినా డప్పుతోనే చెప్పినాడు. నీ పెండ్లికి సంతోషపడితే దాంతోనే చెప్పినాడు. ఎంకటసుబ్బులమ్మకు దండం పెట్టాలన్నా దాంతోనే పెట్టినాడు. లోపలికి తెచ్చుకొని డప్పొద్దంటే, మనిషిని తెచ్చుకొని నోరు కట్టేసినట్టు గాదా? నేను బతికుండి ఆ పని చెయ్యను."

"పవిత్రమైన చోటు వదినా..."

"అందుకే బయట ఉండనీ అంటాండా. గోడ బయట డప్పు కొట్టొద్దని తీర్మానం ఉందా?"

"గోడ బయటి సంగతి సంఘానికెందుకు?" అనేశాడు యోసేపు. అన్న తర్వాత ఆ మాట ఎటు పోయిందో అర్థమై నోరు మూసుకున్నాడు. కరుణాకరం వేపచెట్టు వైపు తిరిగి దగ్గాడు. ముసలి యేసుమణి మాత్రం దగ్గే శ్రమ తీసుకోలేదు. బాహాటంగానే నవ్వింది.

"మళ్లా అడిగితే కుదరదు," అన్నాడు యోసేపు చివరికి.

"అడగను."

గురవయ్య నూలు తాడు చుట్టుకుంటూ తనలో తనే తిట్టుకున్నాడు. అయినా సాయంత్రానికి ఒంకర మూల మళ్లీ నడుమెత్తు లేచింది. దానికి ప్రతి రాయీ మగ్దలీనమ్మే మోసింది. మెడ నొప్పి పుట్టింది, అరచెయ్యి ఒకచోట తెగింది. కానీ ఈసారి గోడ ఎటు పోతున్నదో చూసుకుంటూనే మోసింది.

ఆదివారం చీకటితోనే పల్లె అంతా తోటకు వచ్చింది. లాంతర్లు, మైనపు వత్తులు, చేతుల్లో గన్నేరు పూలు. ఎవరి సమాధి దగ్గర వాళ్లు నిలబడి పాడుకున్నారు. కరుణాకరం లాంతరు వెలుగులో సువార్త చదివాడు. ఇంకను చీకటిగా ఉన్నప్పుడు మగ్దలేనే మరియ సమాధి యొద్దకు వచ్చెను, అన్నచోట మగ్దలీనమ్మకు ఎప్పటిలాగే ఒళ్లు జలదరించింది. ప్రతి ఏడూ ఆ మాట చదవగానే ఇస్సాకు ఆమె వైపు ఓరగా చూసేవాడు. నీ పేరే చదువుతున్నారు అన్నట్టు చూసేవాడు. ఇప్పుడు అలవాటుగా పక్కకు తిరిగింది. పక్కన శాంతయ్య నిలబడి ఉన్నాడు.

ఆమేన్ అన్న తర్వాత ఇద్దరూ గేటు దాటి, గోడ చుట్టూ నడిచి బయటి మూలకు పోయారు.

దిబ్బ పక్కన గడ్డి వేసి నిప్పు పెట్టారు. డప్పు కాచే పని మగ్దలీనమ్మది. పెళ్లయిన నాటి నుంచీ ఆమెదే. తోలు నానబెట్టి వెంట్రుకలు తీసింది ఆమె. చింతగింజల జిగురు కాచి చట్రానికి అంటించింది ఆమె. ఇస్సాకు కొట్టిన డప్పులో సగం తనదని పైకి ఎప్పుడూ అనలేదు గానీ మనసులో అనుకోని రోజు లేదు. డప్పును మంటకు చూపి, తిప్పి, వేలితో మీటింది. మొద్దుగా పలికింది. మళ్లీ తిప్పింది. మంట వెలుగులో తోలు పచ్చగా మెరిసింది. మూడోసారి మీటేసరికి ఆ చప్పుడు గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది.

"తీసుకో," అంది.

శాంతయ్య కుడి చేత లావుపాటి సిర్ర కర్ర, ఎడమ చేత సన్నటి చిటికెన పుల్ల పట్టుకున్నాడు. ఇస్సాకు ఏటా ఈ పండుగనాడు కోడి కూయకముందే పల్లె వీధులన్నీ తిరుగుతూ కొట్టిన లేపుడు దరువు ఎత్తుకున్నాడు. ముందు ఎడమ చేతి పుల్ల ఒక్కటే, గుమ్మం తట్టినంత మెల్లగా. ఆగి, మళ్లీ. లోపల ఎవరో కదిలారా అని విన్నట్టు ఇంకొంచెం ఆగి, అప్పుడు సిర్ర. ఆ సిర్ర దెబ్బకు నిద్రలో ఉన్న మనిషి లేచి కూర్చోవాల్సిందే. ఆ తర్వాత రెండూ కలిసి, గొంగళ్లు దులుపుకునేట్టు, పొయ్యిలు అంటుకునేట్టు, వీధి అంతా ఒక్కసారి తలుపులు తీసుకునేట్టు మోగాయి.

గోడ లోపల పాడుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. తలలు ఇటు తిరిగాయి. మొదట ఒక ముసలాయన గేటు దాటి వచ్చాడు. తర్వాత ఆడవాళ్లు. తర్వాత గేటు చాలలేదు. పడుచువాళ్లు గురవయ్య గోడ ఎక్కి దూకారు. దోవ మీద చీకట్లో ఎద్దుల గంటలు వినిపించాయి. పుల్లయ్య చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక ఊరివాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. ఎవరూ ఎవరినీ ఎందుకొచ్చావని అడగలేదు.

మగ్దలీనమ్మ దిబ్బ తలాపున నిలబడింది. ఇదంతా నా మొగుడు చేసింది అనుకుంది. మట్టి కింద పడుకుని కూడా ఊరినీ పల్లెనూ ఒకచోటికి పిలవగలిగినవాడు ఈ తాలూకాలో ఇంకెవడున్నాడు? గర్వంతో గుండె నిండింది. తల వంచుకోలేదు, కళ్లు తుడుచుకోలేదు. అందరికీ కనపడేట్టు నిలబడింది.

కరుణాకరం ఆమె పక్కకు వచ్చాడు. దరువు ఆగాక, ఊపిరి పీల్చుకుని, "ఇస్సాకు గారు కొట్టింది ఇట్లాగే ఉండేదా అమ్మా?" అన్నాడు.

"ఇట్లనే. ఇంకా బాగా," అంది ఆమె. "శాంతయ్యకు తొందరెక్కువ. మా ఆయన ఆగేది తెలిసినోడు."

శాంతయ్య నవ్వుతూ నుదురు తుడుచుకున్నాడు.

యోసేపు బయటికి రాలేదు. గోడ లోపలే, ఒంకర మూల దగ్గర రెండు చేతులు రాళ్ల మీద ఆనించి నిలబడ్డాడు. పక్కన తల్లి యేసుమణి అతని చొక్కా పట్టుకుని లాగింది.

"నన్ను బయటికి తీసకపోరా."

"ఎందుకమ్మా? ఈడికి ఇనపడతాండాది గదా."

"తీసకపోరా అంటే."

తల్లి మాట కాదనడం అతని వల్ల కాలేదు. చెయ్యి పట్టుకుని గేటు దాటించి, తాను కట్టించిన గోడ వెంట అడుగు అడుగు నడిపించుకుంటూ వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ముసలామె కర్రతో దిబ్బ చుట్టూ ఉన్న రాళ్లు తడిమింది. దాని పక్క నేల కూడా తడిమింది.

"మగ్దలీనా, ఈ పక్కన జాగా ఉందా?"

"బోలెడుంది అత్తా."

"నాకు పెట్టు."

"అమ్మా!" అన్నాడు యోసేపు. "నీకు లోపల నాయన పక్కన చోటు పెట్టినాం గదా."

"మీ నాయనతో ఉన్నంత కాలం ఉంటి, చాల్లే. నాకు ఈడనే."

జనంలో నవ్వులు లేచాయి. మగ్దలీనమ్మ కూడా నవ్వింది. "ఆలోచించుకో అత్తా. మా ఆయన పక్కన పడుకుంటే నీకు నిద్ర ఉండదు. ఏడాదికొకసారి కోడి కూయకముందే లేపుతారు."

"లేపాల్సిందే గదనే," అంది ముసలామె, కర్రను నేలకు ఆనించి. "మనం పడుకునేదే ఒకనాడు లెయ్యడానికి. లేపేవాడు దగ్గరుంటే మంచిది గదా."

యోసేపు తల్లి చెయ్యి వదలకుండా ఆ చోటు వైపు చూశాడు, తన గోడ వైపు చూశాడు. తర్వాత వంగి, చల్లారుతున్న మంటలో ఇంత గడ్డి వేశాడు.